రోజుకొక్క సెకను
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మా ఇంట్లో పెళ్ళి వీడియోలకు కొదవ లేదు. కానీ నా శ్రీమతి కాలం చేశాక వెతికితే, ఆమె పోపు వేస్తూ నన్ను కేకేసిన దృశ్యం ఒక్కటీ దొరకలేదు.

న్యూయార్కు వాసి సీజర్ కురియామా 2011లో, తన 30వ పుట్టినరోజు నుండి, రోజుకొక్క సెకను వీడియో దాచసాగారు. ఏడాదికంతా కలిపి 6 నిమిషాల 5 సెకన్లే! మనవరాలు ఈ సంగతి చెప్పి, సెల్‌ఫోనులో తీయడం నేర్పింది. ఇప్పుడు రోజూ తీస్తున్నాను: పాలవాడి కేక, ముగ్గు వేసే కోడలు, బడికి పరుగెత్తే మనవడు. ఎవరినీ ఫోటోకు నిలబెట్టినట్లు నిలబెట్టను. ఆ ఒక్క సెకను చూస్తే చాలు, ఆనాటి సంగతులన్నీ గుర్తుకొస్తాయి.

మిత్రులారా, బతికి ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఎలా బతికామో మన పిల్లలకు చూపే సర్టిఫికెట్ కూడా సిద్ధం చేద్దాం.