ఫోనులో వచ్చిన ధర ఏ గూటిది?



ఈ పూట మన జేబుల్లోని సెల్ ఫోను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. తంతి వచ్చిందంటే ఇంట్లో ఏడుపు మొదలయ్యే కాలం ఒకటుండేది. ఆ తంతి సేవ 2013 జూలైలో నిలిచిపోయినది. ఇప్పుడు ధర్మవరం నేతగాడు మగ్గం దగ్గర కూర్చునే చీర అంచును దూరపు షావుకారుకు చూపిస్తున్నాడు. ఇదంతా మీరెరిగినదే. నేను చెప్పవచ్చినది పట్టుగూళ్ళ సంగతి.

వేరుసెనగకు ధర లేకుంటే కాయలు ఇంట్లో పోసి నెల రోజులు ఆగవచ్చును. పట్టుగూడు ఆగదు. పురుగు చంద్రిక కెక్కిన ఐదారు రోజులకు గూళ్ళు విడిపించవలెను. మరికొన్నాళ్ళు ఆలస్యమైతే లోపలినుంచి రెక్కల పురుగు గూటిని తొలుచుకొని వస్తుంది. అట్టి గూటికి దారం తెగిపోతుంది. కాబట్టి బండి కదలక ముందే ధర తెలియవలె. హిందూపురంలో దింపాలా, ధర్మవరం పోవాలా, బెంగుళూరు దాటి రామనగరం చేరాలా అన్నది ఒకప్పుడు నిన్న పోయి వచ్చినవాని నోటిమాట మీదనే తేలేది. ఇప్పుడు వేలం ముగియక ముందే ధర ఫోనులో వస్తున్నది. మంచిదే.

అయితే ఇందులో నేను చేసిన తప్పొకటి కలదు. ఒకనాడు ఎవరో రామనగరం ధర పంపితే, బాగా పెరిగిందే అని సంతోషపడి మన పల్లెల వాట్సాప్ గ్రూపుకు నేనూ పంపితిని. అది తెల్లని బైవోల్టిన్ గూళ్ళ ధర. ఆ ముక్క అందులో లేదు, నేనూ అడగలేదు. పెనుకొండ వైపు రైతొకాయన పసుపు గూళ్ళు బాడుగ బండికెత్తి, హిందూపురం మార్కెట్టు విడిచిపెట్టి, రాత్రంతా ప్రయాణం చేసినాడు. పసుపు గూటికి అక్కడ పలికిన ధర వేరు. గోనెల్లో అదిమి కుట్టినందున కొన్ని గూళ్ళు మెత్తబడినవి కూడా. బాడుగ పోను మిగిలినది, దగ్గర్లో అమ్మితే వచ్చేదానికంటె తక్కువే. మరునాడు ఫోను చేసి, "మీరు పంపినారు గదా సార్, అందుకే పోయినా" అన్నాడు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు నేను ధర పంపితే ఏ మార్కెట్టు, ఏ తేదీ, తెల్లగూడా పసుపుగూడా అని రాయనిదే పంపను. మీరూ అడగండి. పై ధర చూసి బయలుదేరవద్దు. అది ఒకటి రెండు మేలురకం లాట్లకే పలికి ఉండవచ్చు. సగటు ధరను మన దగ్గరి మార్కెట్టు సగటుతో పోల్చి, బాడుగ తీసివేసి లెక్క చూడండి. గూళ్ళను వదులుగా నింపి చల్లటి పూట తోలండి.

సలహాకైతే 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటరున్నది, నెంబరు 1800-180-1551. ఖర్చు లేదు, తెలుగులోనే అడగవచ్చు.

ఇంకొక ఫోను ఉన్నది, మనం చేయనిది. వేరుసెనగకు పురుగుమందు కొట్టే ముందు పక్క మల్బరీ తోట రైతుకు ఒక్కమాట చెప్పండి. గాలికి తుంపర్లు ఆకుమీద పడితే, ఆ ఆకు మేసిన పట్టుపురుగులు చచ్చిపోవును. ముందే తెలిస్తే ఆయన ఆకు కోసి పెట్టుకుంటాడు. గాలి అటు వీస్తున్నదని చెప్పితే మీరూ సాయంత్రందాకా ఆగండి.