చిగురు కింద కరిగిన ఎముక తిరిగి వస్తుందా?



నేను డాక్టర్ని కాను, బడిపంతుల్ని. ఈ అంశం ఎంచుకోవడానికి కారణం నా నోరే. పళ్లు తోముకుంటుంటే రక్తం రావడం చాలా ఏళ్లుగా ఉంది. షుగర్ వచ్చాక ఎక్కువైంది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. కింది దవడ పళ్లు రెండు కదిలాక ఎక్స్-రే తీస్తే, ఒక పంటి పక్కన ఎముక సగం లేదు.

గార కింద చేరిన సూక్ష్మజీవులతో శరీరం చేసే పోరాటంలోనే ఆ ఎముక కరిగిపోతుందట. గార తీయించి వేళ్లు శుభ్రం చేయిస్తే జబ్బు ఆగుతుంది. పోయిన ఎముక మాత్రం చాలావరకు రాదు. చిగురు పైపొర కణాలు చురుకైనవి, ఖాళీని ముందుగా అవే ఆక్రమిస్తాయి. పొలంలో వరి కంటే కలుపు ముందు లేచినట్టు. 1982లో స్వీడన్‌లో నైమన్ బృందం మధ్యలో ఒక పొర అడ్డుపెట్టి ఆ కణాలను ఆపింది. మామూలు ఆపరేషన్ కంటే ఈ పద్ధతిలో పంటి పట్టు సగటున 1.2 మిల్లీమీటర్లు ఎక్కువగా తిరిగి వచ్చిందని తర్వాతి అధ్యయనాలను కలిపి చూసినవారు తేల్చారు. తక్కువే అనిపిస్తుంది కానీ, కదిలే పంటికి అది పెద్ద ఊత.

రెండోది ఎమ్‌డోగెయిన్ అనే జెల్. ఫలితం దాదాపు పొరతో సమానం, పూయడం సులువు, ఖరీదు ఎక్కువ. మూడోది ఎముక పొడి. మన ఎముకే కావచ్చు, దాత ఎముక, పశువు ఎముక, లేదా కృత్రిమ ఖనిజం కావచ్చు. నాలుగోది పీఆర్‌ఎఫ్. మన రక్తమే కొంచెం తీసి, యంత్రంలో తిప్పి, వచ్చిన గడ్డను గుంతలో పెడతారు. 2001లో ఫ్రాన్స్‌లో మొదలైంది. బెంగళూరు ప్రభుత్వ దంత వైద్య కళాశాల వారు 2011లో ప్రచురించిన అధ్యయనంలో దీనితో తొమ్మిది నెలలకు గుంత దాదాపు సగం నిండింది. ఉత్త ఆపరేషన్‌తో నిండింది నామమాత్రం.

మనం అడిగి తెలుసుకోవలసినది ఒకటుంది. ఎమ్‌డోగెయిన్‌ను పంది పిల్లల దంతాంకురాల నుంచి తీస్తారు. కొల్లాజెన్ పొరల్లో కొన్ని పందివి, కొన్ని పశువులవి. రూపం మారిన పదార్థంపై, అవసరంపై ఉలమాల మాట ఒకటిగా లేదు. కనుక ముందే డాక్టర్ని అడగండి, తర్వాత మీ ఆలింని. పశువు ఎముక పొడి గురించి మా ఊరి హిందూ మిత్రుడొకరు నన్ను ఇదే ప్రశ్న అడిగారు! కృత్రిమ ఖనిజంతోను, పీఆర్‌ఎఫ్‌తోను ఇద్దరికీ ఈ పేచీ లేదు. నేను పీఆర్‌ఎఫే చేయించుకున్నాను. ఒక పన్ను నిలిచింది, రెండోది తీసేశారు.

ఇవేవీ అందరికీ పనికిరావు. పంటి పక్కన లోతుగా, ఇరుకుగా దిగిన గుంతలోనే ఎముక బాగా పెరుగుతుంది. అన్ని వైపులా సమంగా కరిగితే ఏ పదార్థం పెట్టినా ఫలితం స్వల్పం. చుట్ట మానకపోయినా, షుగర్ అదుపులో లేకపోయినా డబ్బు వృథా. మన తీరంలో అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. నిప్పు నోట్లో పెట్టుకునే వారికి అంగిలి క్యాన్సర్ భయం కూడా ఉంది. వారిని ముందుగా నోటి పరీక్షకు తీసుకెళ్లాలి.

అందుకే ఈ ఏడాది సొసైటీ దంత నిధి గురించి నా ప్రతిపాదన ఇది. ఒక్కరి ఖరీదైన జెల్‌కు పెట్టే డబ్బుతో చాలామందికి గార తీయించవచ్చు. ముందు అది చేద్దాం, శిబిరంలో షుగర్ పరీక్ష కూడా పెడదాం. మూడు నెలల తర్వాత మళ్లీ చూపించి, ఇంకా లోతైన గుంతలున్న వారిని శ్రీకాకుళంలోనో విశాఖలోనో దంత వైద్య కళాశాలకు పంపి, ఆపరేషన్ ఖర్చు మనం భరిద్దాం. పేర్లు రాసుకునే పుస్తకం నా దగ్గర ఉంది. సభ అయ్యాక గుమ్మం దగ్గరే కూర్చుంటాను.