అక్టోబర్ నెల ముచ్చట్లు: 30కి 30 అన్నాను, అది అబద్ధం

నెలాఖరు వచ్చేసింది కాబట్టి మన నెలవారీ వీడియో. ఏం నేర్చుకున్నాను, పని ఎలా నడిచింది, ఒంటిని ఎలా చూసుకున్నాను, ఎప్పుడూ మాట్లాడుకునే ఆ మూడు సంగతులే. కాకపోతే ఈసారి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

సెప్టెంబర్ వీడియోలో నా హ్యాబిట్ ట్రాకర్ స్క్రీన్ చూపించాను, గుర్తుందా? నడక 30కి 30. చదువు 30కి 30. అన్నీ పచ్చ టిక్కులే. "బ్రో సూపర్, మేమూ ఆ యాప్ వేసుకున్నాం" అని కింద చాలామంది కామెంట్ పెట్టారు. నిజం చెప్పాలంటే చదువులో అసలు టిక్కులు 21. మిగతా 9 రోజుల్లో 7 రోజులు స్టాటిస్టిక్స్ కోర్సు వీడియో 1.75 స్పీడ్‌లో పెట్టేసి, పక్కన ఎడిటింగ్ చేసుకున్నాను. ఇంకో 2 రోజులు అది కూడా లేదు, పడుకునే ముందు గుర్తొచ్చి టిక్కు కొట్టేశాను. నడక ఇంకా కామెడీ. రాత్రి 11:40కి ఫోన్ జేబులో వేసుకుని హాల్లో సోఫా చుట్టూ తిరిగాను, 10,000 అడుగులు పూర్తవ్వాలని. రూమ్మేట్ నిద్ర లేచి, "ఏంట్రా, దెయ్యం పట్టిందా?" అన్నాడు.

ఆ 10,000 లెక్క ఎక్కడిదో తెలుసా? 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం అమ్మారు. దాని పేరు మాన్పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటర్ అని అర్థం. అదేదో డాక్టర్లు పరిశోధన చేసి తేల్చిన అంకె కాదు, అమ్మడానికి పెట్టిన పేరు. ఆ పేరు కోసం నేను సోఫాకి ప్రదక్షిణాలు చేశాను.

సరే, అసలు విషయానికి వస్తాను. దసరాకి ఇంటికి వెళ్లాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న రిటైర్డ్ టీచర్, ఆరేళ్లుగా షుగర్ ఉంది. పండగ అయ్యాక రక్త పరీక్ష ఉందని, దానికి నాలుగు రోజుల ముందు నుంచి ఆయన ఇంట్లో తపస్సు మొదలుపెట్టారు. అన్నం బంద్. గారెలు బంద్. పొద్దున్నే కాలవ గట్టు మీద నడక. అమ్మ ఏమీ అనలేదు గానీ, నా వైపు చూసి నవ్వింది.

రిపోర్టు వచ్చింది. పరగడుపున షుగర్ 112. నాన్న ముఖం వెలిగిపోయింది. డాక్టర్ గారు ఆ కాగితం పక్కన పెట్టి రెండోది తీశారు. హెచ్‌బీఏ1సీ 8.1. చాలామందికి 7 లోపు ఉంచుకోమని చెబుతారు. డాక్టర్ గారు కళ్లజోడు తీసి, "మాస్టారూ, పరీక్ష ముందు రాత్రి చదివి వచ్చినట్టున్నారే" అన్నారు.

నాన్న ఏమీ మాట్లాడలేదు. పిల్లల్ని అలా పట్టుకోవడం ముప్పై ఏళ్లు ఆయన చేసిన పనే కదా.

ఈ పరీక్ష సంగతి నాకు భలే నచ్చింది. ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కదా, రక్తంలో తిరిగే చక్కెర దానికి అంటుకుంటుంది. ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అంటే గత రెండు మూడు నెలలుగా మనం ఎలా ఉన్నామో ఆ కణాల మీద రాసి ఉన్నట్టే. నాలుగు రోజుల తపస్సుతో అది చెరిగిపోదు.

నేను నాన్నని చూసి నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. అదే సాయంత్రం నా వంతు వచ్చింది. మా చెల్లి డిగ్రీ చదువుతోంది. "అన్నయ్యా, నువ్వు స్టాటిస్టిక్స్ కోర్సు చేస్తున్నావుగా, స్టాండర్డ్ డీవియేషన్‌కీ స్టాండర్డ్ ఎర్రర్‌కీ తేడా ఏంటి?" అంది. కోర్సులో ఆ పాఠం అయిపోయింది. టిక్కు కూడా ఉంది. "ఒక్క నిమిషం" అని ఫోన్ తీశాను. అది నవ్వేసి తనే చెప్పింది: విడివిడి కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో మొదటిది చెబుతుంది, మనం తీసిన సగటుని ఎంతవరకు నమ్మొచ్చో రెండోది చెబుతుంది. మొదటిదాన్ని శాంపిల్ సైజు వర్గమూలంతో భాగిస్తే రెండోది వస్తుంది. వంద మందిని కొలిస్తే పదో వంతు. ఇప్పుడు ఈ జన్మలో మర్చిపోను, ఎందుకంటే పరువు పోయింది.

2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఇది చదివినప్పుడు నాకు నాన్న రిపోర్టులే గుర్తొచ్చాయి, 112, 8.1.

అందుకని మిగిలిన అక్టోబర్‌లో వీడియోలు చూడటం తగ్గించాను. ఒక పాఠం చూస్తాను, రెండు రోజులు ఆగుతాను, తెల్ల కాగితం మీద గుర్తున్నది రాస్తాను. మొదటిసారి మూడు లైన్లు వచ్చాయి. ఏడుపు కూడా వచ్చింది. నెల మొత్తంలో 5 పాఠాలే అయ్యాయి, సెప్టెంబర్‌లో 22 "అయ్యాయి".

పని విషయం తొందరగా చెప్పేస్తా. 4 వీడియోలు అనుకున్నాను, 3 అయ్యాయి. ఉద్యోగం చేసేటప్పుడు పొద్దున్నే మీటింగ్‌లో "ఇన్ ప్రోగ్రెస్" అని చెప్పడంలో నేను ఎక్స్‌పర్ట్‌ని. మానేసి ఏడాదిన్నర అయింది, అడిగే మేనేజర్ లేడు. బహుశా అందుకే యాప్‌కి స్టేటస్ ఇచ్చుకుంటూ కూర్చున్నానేమో. ఆ నాలుగో వీడియో ఒక హ్యాబిట్ యాప్ ప్రమోషన్. రెండు నెలల ఇంటి అద్దె వచ్చేది, నాకది చిన్న డబ్బు కాదు. పంపిన స్క్రిప్ట్‌లో "నేను 30కి 30 సాధించాను" అనే లైన్ ఉంది, నా పాత వీడియో చూసే రాసుకున్నారు పాపం. మూడుసార్లు రికార్డ్ చేశాను, మూడుసార్లూ అక్కడే ఆగిపోయాను. వద్దని మెయిల్ పెట్టాను. ఆ తర్వాత రెండు రోజులు బ్యాంక్ బ్యాలెన్స్ చూసుకుంటూ తిట్టుకున్నాను కూడా.

నడక ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక, పావుగంట. అడుగులు లెక్కపెట్టట్లేదు. ఆ టైముకి నాన్నకి ఫోన్ చేస్తాను, ఆయన కాలవ గట్టు మీద, నేను ఇక్కడ మేడ మీద. మొదటి వారం "తిన్నావా?", "తిన్నాను", అంతే. ఇప్పుడు వాళ్ల స్కూల్ రోజుల కథలు చెబుతున్నారు, పావుగంట అరగంట అవుతోంది. వర్షం పడ్డ రోజులు మానేశాం. నెలలో 6 రోజులు మానేశాం, ఇది నిజమైన లెక్క.

నాన్న తర్వాతి పరీక్ష జనవరిలో. అప్పటిదాకా ఈ ఛానెల్‌లో ట్రాకర్ స్క్రీన్‌షాట్లు ఉండవు. సెప్టెంబర్ వీడియో తీసెయ్యలేదు, కింద మొదటి కామెంట్‌లో అసలు లెక్క రాసి పిన్ చేశాను, ఆ యాప్ వేసుకున్నవాళ్లు ఒకసారి చూడండి.

నాన్నా, ఈ వీడియో చూస్తారని తెలుసు. ఫ్రిజ్ మీద డబ్బాలో సున్నుండలు తగ్గుతున్నాయని అమ్మ లెక్కపెడుతోంది. ఉంటానండి.