బాలరక్షణ పుస్తకమును పరీక్షించు విధము

(కోటబొమ్మాళి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పాఠశాలలో పిల్లలకు కలిగిన బాధలను వ్రాయు పుస్తకము ఖాళీగా నున్నచో ఆ బడి మంచిదని పెక్కుమంది తలంతురు. ఆ తలంపు ప్రమాదకరమని మనవి చేయుటకై మేము మీ యెదుట నిలిచితిమి.

వెలుతురులో కుండ కనబడనిచో కుండ లేదనవచ్చును. చీకటిలో కనబడనంతమాత్రమున లేదనరాదు. ఉన్నచో కనబడదగినది కనబడనప్పుడే దాని లేమి సిద్ధించునని మన శాస్త్రకారుల మతము. అట్లే, బిడ్డ నిర్భయముగా నోరు విప్పగల బడిలోనే ఖాళీ పుటకు విలువ కలదు.

ఇంగ్లండు ప్రభుత్వ నిబంధనల ప్రకారము అచ్చటి బడులలో సంగతి యేమి, దానిపై నేమి చేసిరి, ఏ నిర్ణయమునకు వచ్చిరి, ఫలమేమి అను నాలుగును వ్రాసియుంచవలయును. ఆఫ్‌స్టెడ్ అను తనిఖీసంస్థవారు ఆ వ్రాతలను చూచుటయే గాక పిల్లలతోను మాటలాడుదురు. బిడ్డ సంవత్సరమధ్యమున బడి మారినచో ఆ పత్రములు 5 దినములలో క్రొత్త బడికి చేరవలయును.

మనకును చట్టము కలదు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ననుసరించి, బిడ్డపై లైంగికనేరము జరిగినదని తెలిసినవా రెవ్వరైనను పోలీసులకు తెలుపవలయును. పోలీసులు దానిని సంఖ్య వేసి వ్రాసికొని, చెప్పినవారికి చదివి వినిపింపవలయును. 24 గంటలలో బాలల సంక్షేమసమితికి తెలియజేయవలయును. తన చేతిక్రిందివాని నేరమును దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరమువఱకు ఖైదు, జరిమానా గలవు. కులపెద్దలు కూర్చుండి రాజీ చేసినంతమాత్రమున ఈ బాధ్యత తీరదు. బిడ్డపేరు వెల్లడి గాకుండ కాపాడుట పరువు. నేరమును కప్పిపుచ్చుట పరువు గాదు.

మన ప్రాంతమునుండి చెన్నైకి, హైదరాబాదునకు కూలికి పోయినవారి పిల్లలు పెక్కుమంది తాతలయొద్దను, మామ్మలయొద్దను పెరుగుచున్నారు. బిడ్డకు కష్టము కలిగినప్పుడు ఎవరికి కబురంపవలయునో, ఆ పేరును ఫోను నంబరును బడిలో వ్రాసియుండవలదా?

2009 నాటి విద్యాహక్కు చట్టముచే ప్రభుత్వ పాఠశాలల యాజమాన్యకమిటీలలో ముప్పాతికమంది తల్లిదండ్రులు, సంరక్షకులే. అందున్న మన సభ్యులు తనిఖీదారుని రాకకై వేచియుండక, ఆ పుస్తకమును తామే తెప్పించుకొని యీ నాలుగు ప్రశ్నలు వేయుదురుగాక. ప్రతి తరగతి గోడమీద 1098 అను బాలల సహాయసంఖ్యను వ్రాయింతురుగాక. బిడ్డ చెప్పినమాట వ్రాతకెక్కినచో పెద్దలు మఱచుటకు వీలుండదని విన్నవించుచు విరమించుచున్నాము.