ఏడుగురి పంపకం



ఒక ఊళ్లో పొదుపు సంఘం ఉందనుకోండి. బ్యాంకు పది లక్షల రూపాయల అప్పు ఇచ్చింది. తీసుకునేవాళ్లు ఏడుగురు. సమానంగా పంచుకోవాలి. పలక తీసుకోండి. 10,00,000 అని వేయండి. ఏడో ఎక్కం వస్తే చాలు.

మొదటి రెండు అంకెలు 10. పదిలో ఏడు ఒకసారి పోతుంది. మిగిలింది 3. పక్కన సున్న దించితే 30. అందులో నాలుగుసార్లు పోతుంది. మిగిలింది 2. 20లో రెండుసార్లు, మిగిలింది 6. 60లో ఎనిమిదిసార్లు, మిగిలింది 4. 40లో ఐదుసార్లు, మిగిలింది 5. 50లో ఏడుసార్లు, మిగిలింది 1. సున్నలు అయిపోయాయి.

ఒక్కొక్కరికి 1,42,857 రూపాయలు. లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు. ఒక్క రూపాయి మిగిలింది.

ఈ సంఖ్య మామూలుది కాదండోయ్! దీన్ని రెండుతో హెచ్చవేస్తే 2,85,714. మూడుతో 4,28,571. నాలుగుతో 5,71,428. ఐదుతో 7,14,285. ఆరుతో 8,57,142. చూశారా? కొత్త అంకె ఒక్కటీ రాలేదు. వరసా చెడలేదు. ఆరుగురు ఆడవాళ్లు తలా ఒక అంకె పట్టుకుని, కోలాటంలో లాగా గుండ్రంగా నిలబడ్డారనుకోండి. ఎవరి దగ్గర చదవడం మొదలుపెట్టారన్నదే తేడా. ఏడుతో హెచ్చవేస్తే మాత్రం ఆట ఆగుతుంది. అన్నీ తొమ్మిదులే: 9,99,999.

ఎందుకిలా? మిగిలినవి చూడండి: 3, 2, 6, 4, 5, 1. చివరకు మిగిలింది ఒకటి. పది లక్షల్లో మొదటి అంకె కూడా ఒకటే. ఇంకో సున్న ఉంటే మళ్లీ 10, మళ్లీ అదే దారి. ఇరవై లక్షలు పంచితే లెక్క 20తో మొదలవుతుంది. ఆ 20 ఇదే దారి మధ్యలో ఉంది కదా! అందుకే జవాబు 2తో మొదలై, అదే వరసలో నడుస్తుంది.

ఇక లెక్కల పుస్తకం సంగతి. రాసేది పదో తరగతి చదివిన అమ్మాయి. ఏడు పేర్లు, ఏడు మొత్తాలు రాసింది. మిగిలిన రూపాయి కలిపి కూడితే 9,82,000 వచ్చింది. 18,000 తక్కువ! "పిల్ల ఏమన్నా తీసిందేమో" అని గుసగుసలు బయలుదేరాయి. అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి.

రాత్రి బడిలో చదువు నేర్చిన పెద్దావిడ ఒకామె, "ఉండండే! ముందు ఆ 18,000ను తొమ్మిదితో భాగించండి" అంది. సరిగ్గా 2,000 వచ్చింది. శేషం లేదు. "అయితే అంకెలు తారుమారయ్యాయేమో చూడు తల్లీ" అంది.

నాలుగో పేరు దగ్గర దొరికింది. 1,42,857కు బదులు 1,24,857 అని ఉంది. నలభై రెండు వేలు కాస్తా ఇరవై నాలుగు వేలయింది.

విడివిడిగా అంకెలు కూడి చూస్తే ఈ తప్పు దొరకదు. రెండింటికీ 27 వస్తుంది. కానీ అంకెలు తారుమారైతే, తేడా ఎప్పుడూ తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. 31కీ 13కీ తేడా 18. 52కీ 25కీ తేడా 27. మీరూ వేసి చూడండి. తొమ్మిదితో పోయిన ప్రతి తేడా ఇలాంటి తప్పే అని చెప్పలేం. వెతకడం అక్కడ మొదలుపెట్టాలి, అంతే.

అమ్మాయి తప్పు కొట్టేసి, సరిగా రాసి, పక్కన సంతకం పెట్టింది. గుసగుసలాడినవాళ్లు తల దించుకున్నారు. చివరి వరసలో "సంఘం డబ్బాలో 1 రూపాయి" అని రాసింది. కూడింది. 10,00,000.