పోపులపెట్టెలో పసుపు, సీసాలో పసుపు
(బొమ్మనహళ్ళిలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యమును గూర్చి ఏదైనా చెప్పవలసిందని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము వెంటనే ఒప్పుకోలేదు. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషన్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా కాలక్షేపం చేస్తున్నవారము. ఇతరుల సరుకు ఎంత బరువున్నదో, దానికి ఎంత కిరాయి పడుతుందో లెక్క కట్టడమే మాకు తెలిసిన విద్య. ఐతే నిరుడు మా ఇంట జరిగిన ఒక సంగతి వల్ల పసుపును గూర్చి వినీ, చదివీ కొంత తెలుసుకోవలసి వచ్చినది. దానిని మనవారి చెవిని వేయకపోవడం తప్పనిపించి, చివరకు సరేనన్నాము.

ఈ ఉదయం మనందరి ఇళ్ళలో గడపకు పసుపు పడినది. ఈ మధ్యాహ్నం అందరమూ పులిహోర తిన్నాము. మన వీధి మీదుగా 2025 ఆగస్టులో నడక మొదలుపెట్టిన మెట్రోకు కూడా పసుపు మార్గమనే పేరు! కాలికి దెబ్బ తగిలినా పసుపే, పెళ్ళి జరిగినా పసుపే. అది మనకు మందు కాదు, ఇంటి మనిషి. మాకు చిక్కు వచ్చినది కూడా అక్కడే.

మా బావగారు ఇక్కడి ఒక దుస్తుల కార్ఖానాలో పని చేస్తారు. నిలబడి చేసే ఉద్యోగం, మోకాళ్ళ నొప్పులు. తెలిసినవారొకరు పసుపు సారంతో చేసిన గుళికలని చెప్పి ఒక సీసా ఇచ్చారు. నెలకు 1,400 రూపాయలు. పూటకొకటి చొప్పున మూడు నెలలు వేసుకొన్నారు. తరువాత అన్నం సహించలేదు. ఒకనాటి ఉదయం అద్దంలో చూచుకొంటే కళ్ళు పచ్చగా ఉన్నవి. ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. డాక్టరుగారు మద్యం అలవాటున్నదా అని అడిగారు. లేదన్నారు. ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగారు. “ఏమీ లేవండి” అన్నారు మా బావగారు. ప్రక్కనే నిలబడి ఉన్న మేము కూడా ఔనని తల ఊపినాము. మేమిద్దరమూ అబద్ధమాడలేదు. ఆ సీసా మందుల లెక్కలోకి వస్తుందని మాకు తోచనే లేదు. ఇంకొక పది రోజులు ఆ గుళికలు సాగినవి. రెండవసారి వెళ్ళినప్పుడు మా మేనకోడలు సీసాను సంచిలోనుంచి తీసి డాక్టరుగారి బల్లమీద పెట్టినది. ఇంట్లో అందరికంటె చిన్నది, దానికే తోచినది.

ఆ సీసా మీద శరీరంలోని ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గిస్తుందని వ్రాసి ఉన్నది. ఆ మాటకు అర్థం వంటింట్లోనే కనబడుతుంది. కోసిన వంకాయ ముక్కలు నీళ్ళలో వేయకపోతే నల్లబడతాయి. నూనె పాతబడితే వాసన కొడుతుంది. మా రైల్వేలో ఐతే ఇనుము తుప్పు పడుతుంది. అన్నిటికీ కారణం గాలిలోని ప్రాణవాయువు. మన ఒంట్లో కూడా ఆ ప్రాణవాయువుతోనే ఆహారం ఖర్చై శక్తి పుడుతుంది. ఆ పనిలో కొన్ని దుడుకు కణాలు పుట్టుకొచ్చి దగ్గరున్న కొవ్వునూ, మాంసకృత్తులనూ కొరుకుతాయి. వాటిని అణచడానికి శరీరమే గ్లూటాథయోన్ వంటి పదార్థాలను తయారు చేసుకొంటుంది. అణచేది తక్కువై, పుట్టేది ఎక్కువైతే అదే ఆక్సీకరణ ఒత్తిడి. ఐతే ఈ దుడుకు కణాలు వట్టి శత్రువులు కావు. తెల్లరక్తకణాలు రోగక్రిములను చంపేది వాటితోనే. అందుచేత వాటిని అణచే మందు ఎంత మింగితే అంత మేలనుకోవడం పొరబాటు. ఫిన్‌లాండులో పొగత్రాగే మగవారు 29,000 మందిని పరీక్షించి 1994లో ఫలితం ప్రకటించారు. అటువంటి బీటా కెరోటీన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా పెరిగినది.

ఇక లెక్క. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం సుమారు నూటికి మూడు వంతులు. కూరలో ఒక చెంచా, అనగా మూడు గ్రాములు వేస్తే అందులో 90 మిల్లీగ్రాములు. నలుగురు తింటే మనిషికి 22. మా బావగారి సీసాలోని ఒక్కొక్క గుళికలో 475 మిల్లీగ్రాములు. అంటే ఒక గుళిక సుమారు 16 గ్రాముల పసుపు, అయిదు చెంచాల పైమాట. రోజుకు రెండు గుళికలంటే పది చెంచాలు! ఏ ఇల్లాలైనా ఒక మనిషి విస్తరిలో పది చెంచాల పసుపు వడ్డిస్తుందా? మా ఆఫీసులో ఇటువంటి సరుకును పచారీ సామానని వ్రాసి పంపనివ్వరు.

ఇంతటితో ఐపోలేదు. వట్టి కర్క్యుమిన్ ఎంత మింగినా రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. ప్రేగులూ, కాలేయమూ దానికి చీటీ అంటించి వెంటనే బయటికి పంపివేస్తాయి, గూడ్సు షెడ్డులో గుమాస్తా చేసినట్లే. ఈ విషయం మీద పేరుపొందిన పరిశోధన ఎక్కడ జరిగినదని తెలుసుకొని మేము ఆశ్చర్యపోయినాము. ఈ హోసూరు రోడ్డు మీదనే, సిల్క్ బోర్డు, మడివాళ దాటితే కనబడే సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో! మనుష్యులకు రెండు గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో దాదాపు ఏమీ కనబడలేదు. దానితో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అనగా మిరియాలలోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే అది ఇరవై రెట్లు పెరిగినది. 1998లో ఈ సంగతి ప్రకటించారు. ఆ చీటీ అంటించే గుమాస్తాను మిరియం కాసేపు ఆపివేస్తుందన్నమాట. తరువాత దేశదేశాల సీసాలలో పసుపుతోపాటు మిరియం కూడా చేరినది. మా బావగారి సీసాలోనూ ఉన్నది.

జలుబుకు మా నాయనమ్మ పాలలో పసుపూ మిరియాలూ వేసి ఇచ్చేది. ఆమె వేసినది చిటికెడు, అదీ రెండు మూడు రాత్రులు. ఆ గుమాస్తా ఆగితే ఆగేది పసుపు ఒక్కటే కాదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వంటి మందులు కూడా రక్తంలో పెరుగుతాయి.

అమెరికాలో మందుల వల్ల కాలేయం చెడినవారి వివరాలు సేకరించే వైద్యులు పసుపు గుళికల వల్ల అట్లా ఐన పదిమందిని గూర్చి 2022లో వ్రాశారు. వారిలో ఒకరు మరణించారు. పరీక్షించిన ఏడు సరుకులలోనూ పసుపు ఉన్నది, మూడింటిలో మిరియం కూడా ఉన్నది. పదిమందిలో ఏడుగురికి పుట్టుకతో వచ్చిన ఒకే లక్షణం రక్తంలో కనబడినదట. కాబట్టి ఇది అందరికీ వచ్చే ఆపద కాదు. ఎవరికి వస్తుందో ముందుగా మొహం చూసి చెప్పలేము, అంతే.

పసుపును నిందిస్తున్నామని అనుకోవద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పొగత్రాగే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల మామూలు పసుపు ముప్పై రోజులు ఇచ్చి, వారి మూత్రంలో హానికర పదార్థాలు తగ్గినట్లు 1992లో తెలిపారు. ఒకటిన్నర గ్రామంటే అర చెంచా. ఆ సంస్థవారే ఎలుకల కంటి శుక్లాల మీద చేసిన పరీక్షలో కొద్దిపాటి కర్క్యుమిన్ శుక్లాన్ని ఆలస్యం చేసినది. అయిదు రెట్లు ఇస్తే శుక్లం త్వరగా ముదిరినది. గుళికల సంగతికి వస్తే, 120కి పైగా పరీక్షలు జరిగినా గట్టి పరీక్షలో నెగ్గినది ఒక్కటీ లేదని 2017లో రసాయన శాస్త్రజ్ఞులు తేల్చారు. మోకాళ్ళ నొప్పికి కొంత ఉపశమనమున్నదని చెప్పే వైద్యులు లేకపోలేదు. వారు చెబితే, వారి కంటి ఎదుట వాడుకోవచ్చు.

మేము కోరేదొకటే. రక్తం పలుచబడడానికి మందు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు, శస్త్రచికిత్సకు సిద్ధపడుతున్నవారు గుళిక ముట్టేముందు డాక్టరును అడగండి. మిగిలినవారు కూడా, “ఏమి వాడుతున్నారు?” అని అడిగినప్పుడు పసుపు, అశ్వగంధ, పొడి, కషాయం ఏదైనా సరే చెప్పండి. సిగ్గుపడనక్కరలేదు. సీసానే పట్టుకొని వెళ్ళండి.

మా బావగారికి కామెర్లు తెచ్చే క్రిముల పరీక్షలన్నీ లేవనే వచ్చినవి. గుళికలు మానిన రెండు నెలలకు రక్తపరీక్ష మామూలు స్థితికి వచ్చినది. గుళికలే కారణమని నూటికి నూరు పాళ్ళు చెప్పలేమని డాక్టరుగారు అన్నారు, మళ్ళీ మాత్రం వేసుకోవద్దన్నారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు, రెండవ వరుసలో కూర్చున్నారు. ఇంకా విప్పని సీసా ఒకటి వారి ఇంట బీరువాలో ఉన్నది. పారవేయమని మేము ఎన్నిసార్లు చెప్పినా మా అక్కగారు వినరు. పసుపును చెత్తలో వేయకూడదట.