కార్జమునందలి నీటితిత్తి: జీవాలు పెంచువారికి చేసిన ఉపన్యాసము

గొఱ్ఱెను గాని మేకను గాని కోసినపుడు కార్జముమీదను, ఊపిరితిత్తులమీదను తెల్లని పొర గలిగి నీరు నిండిన బుడగలు కనబడుట మీలో ననేకులు చూచియుందురు. కోసినవాడు ఆ ముక్కను చెక్కి ప్రక్కన కాచుకొనియున్న కుక్కకు విసరును. చెడిన మాంసము వదలినదని యాతని తలంపు. వ్యాధి ఆ విసరుటతోనే ముందుకు సాగుచున్నది.

ఆ బుడగలోని నీటియందు ఇసుకవంటి నలుసులుండును. అవి పురుగు తలలు. కుక్క తినినచో అవి దాని పేగునకు కరచుకొని, ఆరేడు వారములలో గ్రుడ్లు పెట్టు బద్దెపురుగులగును. తిత్తిలోని నలుసే కుక్కపేగున పురుగగునని జర్మను శాస్త్రజ్ఞుడు సీబోల్డు 1853 నాటికే కుక్కలకు మేపి నిరూపించెను. ఈ పురుగు పొడవు 7 మిల్లీమీటర్లకు మించుట అరుదు. వేలకొలది యున్నను కుక్క పుష్టిగానే తిరుగుచుండును. కావున మా కుక్క కే రోగమును లేదను మాటకు విలువ లేదు. గ్రుడ్లు పెంటతో వెలువడి గడ్డిని, నీటిని, కుక్క వెండ్రుకలను అంటియుండును. ఆ గడ్డి మేసిన గొఱ్ఱెకు తిత్తి పుట్టును. కుక్కను నిమిరి చేయి కడుగక అన్నము తిన్న బిడ్డకును పుట్టును.

తిత్తి యున్న జీవము మాంసమును వండుకొని తినుటచే మనుష్యునకు ఈ వ్యాధి రాదు. రోగినుండి మరియొకనికిని అంటదు. కుక్క పెంటలోని గ్రుడ్డు నోట బడినగాని రాదు.

మనుష్యులలో తిత్తి ఎక్కువగా కార్జమునందును, తరువాత ఊపిరితిత్తులయందును పెరుగును. బాల్యమున సోకినది నడివయస్సున బయటపడుటయు గలదు. కుడిడొక్కలో బరువు, నొప్పి, ఒక్కొక్కప్పుడు కామెర్లు తోచును. అట్టివారికి వాతలు వేయుట, డొక్క పిసుకుట మిక్కిలి అపాయకరము. తిత్తి పగిలినచో ప్రాణాపాయము కలుగవచ్చును. నలుసులు చెదరి మరికొన్ని తిత్తులు లేచును. పెద్ద ఆసుపత్రిలో అల్ట్రాసౌండు పరీక్షచే దీనిని గుర్తింతురు. ఆల్బెండజోలు మందు గాని, శస్త్రచికిత్స గాని, రెండును గాని వైద్యుడు నిర్ణయించును.

గొఱ్ఱెలే బ్రతుకుదెరువైన ఐస్లాండు ద్వీపమున 1863లో క్రాబే యను డేనిష్ వైద్యుడు 100 కుక్కలను పరీక్షింపగా 28 కుక్కలలో ఈ పురుగు కనబడెను. ఆతడు వ్రాసిన చిన్న పుస్తకము ఇంటింటికి పంచబడినది. కుక్కలకు తిత్తులు పెట్టవలదని ప్రజలు నేర్చిరి. తరువాత చట్టములును వచ్చినవి. 20వ శతాబ్దము ముగియులోపల వ్యాధి అచ్చట నిర్మూలమైనది. మందకు కుక్క లేనిదే జరుగదని అచ్చటి కాపరులకును తెలియును. వారు కుక్కలను విడువలేదు.

మన యూళ్లలో జాతరనాడు ఒక్క పూటలో ఎన్నో జీవాలు తెగును. ఊరికుక్కలన్నియు అచ్చటనే చేరును. ఆనాడు కోతకు ముందే లోతైన గోయి త్రవ్వియుంచి, తిత్తులున్న కార్జమును, ఊపిరితిత్తులను అందులో వేసి, కుక్కలు పెల్లగింపకుండ మన్ను, రాళ్లు కప్పవలయును. కాల్చినను మంచిదే. కుక్కకు పెట్టితీరవలయునన్నచో అరగంటసేపు మరుగనిచ్చి పెట్టవలయును. మేతబయలున చచ్చిన గొఱ్ఱెకును ఇదే విధి. కుక్కలకు పశువైద్యుని యడిగి ప్రాజిక్వాంటెలు మాత్రలు వేయింపవలయును. ఆరు వారముల కొకసారి వేయించుట శ్రేష్ఠము, ఏలయన పురుగు గ్రుడ్లు పెట్టుటకు పట్టు కాలము ఇంచుమించుగా అంతియే. మందు వేసిన దినములలో కుక్కను కట్టియుంచి, దాని పెంటను పూడ్చవలయును.